పాస్టర్

పాస్టర్: ప్రొటెస్టంటు క్రైస్తవ సంఘాన్ని నడిపే మతబోధకుడు. లాటిన్‌లో ఈ మాటకు గొర్రెల కాపరి అని అర్థం. తెలుగు బైబిలు ఎఫెసీయులకు రాసిన పత్రిక (4:11)లో ‘కాపరి’ అనే మాటనే వాడింది. ‘సంఘకాపరి’ అనే పేరుకు ఆధారం ఇదే. పాత నిబంధనలో బలులు అర్పించే యాజకుడు వేరు. కతోలికుల్లో ‘ఫాదర్’, ‘గురువుగారు’ అంటారు. విచారణను (పారిష్‌ను) చూసేవారు విచారణ గురువులు.

పాతకాలపు తెలుగులో వీళ్లందరినీ కలిపి ‘పాదిరి’ అనేవారు. పోర్చుగీసులో తండ్రి అని అర్థమిచ్చే ‘పాద్రే’ నుంచి వచ్చిన మాట అది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ కతోలికుడు కాకపోయినా ‘ఫాదర్ హయ్యర్’గానే ప్రసిద్ధుడు.

మిషనరీలు దొరలు. వాళ్ల పక్కన పనిచేసిన తెలుగు బోధకులు క్రమంగా సంఘాలకు కాపరులయ్యారు. కరవు ముగుస్తున్న 1878లో, జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్రలో పేరు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌదే మిగిలింది గాని, ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలిచ్చినవారు అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు.

రాతలో సంఘకాపరి అయినా, ఎదురుపడితే పాస్టరును పిలిచేది ‘అయ్యగారూ’ అనే. ఊళ్లో పై కులాలవారికీ అధికారులకూ మాత్రమే దక్కిన ఆ పిలుపు, మాలపల్లెలో, మాదిగపల్లెలో తమలోనే పుట్టి చదువుకున్న మనిషికి దక్కింది. పదం చరిత్రలో ఇంతకన్నా పెద్ద ఘట్టం లేదు. పెళ్లికీ, చావుకీ, జ్వరం వచ్చిన బిడ్డ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యడానికీ కబురు వెళ్లేది అయ్యగారికే.

ఇప్పుడు స్వతంత్ర సంఘాలు పెరిగి, ‘పాస్టర్‌గారు’ అనడం ఎక్కువైంది. 2020 లాక్‌డౌన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులు, ఇమాములు, మౌజన్లతోపాటు పాస్టర్లకూ 5,000 రూపాయల సాయం ఇచ్చింది. సర్కారు కాగితాల్లోనూ ఇదే పదం.

‘పాస్టరమ్మ’ అంటే మాత్రం చాలాచోట్ల పాస్టరుగారి భార్యే. అయితే దక్షిణ ఇండియా సంఘంలో స్త్రీలూ గురుత్వం పొందుతున్నారు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత ఆ సంఘపు తొలి మహిళా బిషప్ అయ్యారు.