పెళ్ళికూతుళ్ళ పేరున్న రొట్టె

ఆదివారం మధ్యాహ్నం. పంజాగుట్టలో మా అద్దె ఇంటి వంటగది. ఖీమా కలుపుతున్నది నేను, ఎలా కలపాలో చెబుతున్నది మా అపార్ట్‌మెంటులో నాలుగిళ్ళకు వంట చేసే అక్క. ఆమెది కడప జిల్లా. తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి 2011లో తిరిగొచ్చింది. ఆ ఇంటి కోడలు లెబనాన్ ఆవిడ. ఆమె దగ్గర నేర్చుకున్న వంటే ఇప్పుడు నాకు నేర్పుతోంది. దాని పేరు అరాయెస్. అక్కకు వంట తెలుసు, పేరుకు అర్థం తెలియదు. నాకు నిఘంటువులో అర్థం దొరికింది, వంట తెలియదు. అరబ్బీలో అరూస్ అంటే పెళ్ళికూతురు. అరాయెస్ అంటే పెళ్ళికూతుళ్ళు.

అర్థం చెబితే నవ్వుతుందనుకున్నాను. "అందుకేనా మా, కడుపులో ఇంత కుక్కి నిప్పుల మీద పెట్టేది" అంది.

లెబనాన్, సిరియా, పాలస్తీనా, జోర్డాన్ ఇళ్ళలో చేసుకునే మామూలు వంట ఇది. అరకిలో వేట మాంసం ఖీమాకు రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి, నీరు పిండేసి కలపాలి. కొత్తిమీర, ఉప్పు, మిరియాల పొడి, కొద్దిగా దాల్చినచెక్క పొడి. అక్కడ పార్స్‌లీ ఆకు వేస్తారు, దానిమ్మ పులుసు పోస్తారు. మేము నిమ్మరసంతో సరిపెట్టుకున్నాం. అమీర్‌పేటలో కొన్న ఖుబూస్‌ను అర్ధచంద్రాల్లా కోసి, పొర విప్పి, లోపల పచ్చి ఖీమానే పలచగా పూయాలి. పైన నూనె రాసి సన్న సెగ మీద రెండు వైపులా కాల్చాలి. "కొవ్వు లేని ఖీమా తేవద్దు మా. కాలేటప్పుడు ఆ కొవ్వంతా రొట్టె తాగాల. మందంగా పూస్తే రొట్టె మాడతాది, లోపల పచ్చిగా ఉంటాది." ఇంతకంటే స్పష్టంగా ఏ వంటల పుస్తకం చెప్పగలదు?

మాంసం కూరిన రొట్టె హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. ఇక్కడి పెళ్ళి విందుల్లో ముందుగా వచ్చే లుఖ్మీ కూడా అలాంటిదే. మైదా పొరల మధ్య ఖీమా పెట్టి, నలుచదరంగా కోసి నూనెలో వేయిస్తారు. ఆ పేరుకు మూలం అరబ్బీలోని లుఖ్మా, అంటే ముద్ద. అరబ్బు దేశాలతో ఈ నగరానికున్న సంబంధం మాటల్లో, తిండిలో అంత పాతది. కానీ ఆ సంబంధాన్ని చరిత్ర ఎవరి పేరుతో చెబుతోంది? నిజాం కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి సైనికులు వచ్చారు. వాళ్ళ బ్యారక్స్ బార్కస్ అనే పేటగా మిగిలింది. 1948 పోలీసు చర్య తర్వాత వాళ్ళలో చాలామందిని తిప్పి పంపారు. చరిత్ర ఇంతవరకే చెబుతుంది. ఒంటరిగా వచ్చిన ఆ మగవాళ్ళలో చాలామంది పెళ్ళాడింది ఇక్కడి ఆడవాళ్ళనే. బార్కస్ వంటగదుల్లో రెండు దేశాల రుచులను కలిపింది ఆ భార్యలే. వాళ్ళ పేర్లు సైన్యం జాబితాల్లో ఉండవు కదా. అమీర్‌పేటకు పాయెగా ప్రభువు అమీర్-ఎ-కబీర్ పేరు మిగిలింది. ఊళ్ళకు ప్రభువుల పేర్లు, రొట్టెలకు పెళ్ళికూతుళ్ళ పేర్లు.

పెళ్ళికూతుళ్ళన్న మాట హైదరాబాద్‌లో మరో గాయాన్ని కూడా రేపుతుంది. గల్ఫ్ డబ్బుకు ఇక్కడి పేద ముస్లిం ఆడపిల్లల్ని పెళ్ళి పేరుతో అమ్మడమే సాగర్ సర్హదీ 'బాజార్' సినిమాకు కథ. అది వచ్చింది 1982లో. తొమ్మిదేళ్ళకు, 1991లో, హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఏడుస్తున్న ఒక చిన్నపిల్లను ఎయిర్ హోస్టెస్ పలకరించింది. పక్కన కూర్చున్న ముసలి అరబ్బు ఆ పిల్లకు మొగుడని అప్పుడు బయటపడింది. దేశమంతా ఆ వార్తను చర్చించింది. అప్పుడు కొందరు మతాన్ని నిందించి చేతులు దులుపుకున్నారు. బేరానికి కారణమైన పేదరికం, దళారులు, కట్నం మాత్రం ఆ చర్చలో వెనకపడ్డాయి.

పెళ్ళి పేరుతో పోయినవాళ్ళ గురించి సినిమా అయినా వచ్చింది. పని కోసం పోయినవాళ్ళ గురించి మనం రాసింది తక్కువ. కడప, గోదావరి జిల్లాల నుంచి వేలాది ఆడవాళ్ళు కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళారు. కఫాలా పద్ధతిలో మనిషి వీసా యజమాని చేతిలో ఉంటుంది. చెప్పకుండా ఇల్లు వదిలితే నేరం. అక్క పాస్‌పోర్టును మొదటి రోజే తీసుకున్నారు, తిరుగు ప్రయాణం రోజే ఇచ్చారు. ముప్ఫై ఏళ్ళు నిండని స్త్రీని ఇంటిపనికి గల్ఫ్‌కు పంపకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. రక్షణ కోసమన్నారు. ఫలితంగా చాలామంది దొంగదారి చూపే ఏజెంట్ల చేతిలో పడ్డారు.

అరాయెస్ చేసుకునే లెబనాన్‌లోనూ ఇదే కఫాలా. అక్కడి మధ్యతరగతి వంటగదుల్లో ఇథియోపియా, ఫిలిప్పీన్స్, శ్రీలంక స్త్రీలు పనిచేస్తున్నారు. 2020లో ఆర్థిక సంక్షోభం ముదిరినప్పుడు యజమానులు ఇథియోపియా పనిమనుషులను తెచ్చి బేరూత్‌లోని వాళ్ళ కాన్సులేట్ ముందు వీధిలో వదిలేసి పోయారు. 'లెబనాన్ ఇంటి వంట' అని మనం ముచ్చటపడే దాంట్లో ఆ ఇల్లు ఎవరిది, ఆ చేతులు ఎవరివి అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీలు తమ కథ తామే చెప్పుకున్నారు. ఆ దారిలోనే అక్క మాటలు రాసుకుంటానన్నాను. "రాసుకో మా. నా పేరు వద్దు, ఆ కోడలి పేరు గూడా వద్దు. ఆయమ్మకు గూడా ఆ ఇంట్లో నోరు లేదు" అంది. కాసేపాగి, "తొమ్మిదేండ్లలో ఈ రొట్టె వేడిగా ఒక్కసారి గూడా తిన్లా" అంది.

మొదటి వాయి ఆమెకే పెట్టాను. పెట్టి, గొప్ప పని చేసినట్టు లోలోపల సంతోషించాను కూడా. తింటూ ఆమె గోడ గడియారం చూసింది. "ఇంకా రెండిండ్లు ఉన్నాయి మా."

ఆదివారం నాకు సెలవు. ఆమెకు కాదు. కువైట్ 2015లో చేసిన చట్టం ఇంటిపనివాళ్ళకు వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు రాసింది. ఎంత అమలవుతోందన్నది వేరే సంగతి, కనీసం రాసింది. అక్క తిరిగొచ్చిన 2011లోనే ఇంటిపనివాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది, ఆమోదం మాత్రం తెలపలేదు. కఫాలా మీద వ్యాసం రాద్దామని కూర్చున్న నేను, నాలుగేళ్ళుగా ఆమెకు ఆదివారం ఇవ్వలేదు.

ఆ వారం నుంచి మా ఇంట్లో ఆమెకు ఆదివారం సెలవు, జీతం కోయకుండా. ఈ మాట చెబితే అక్క అంది: "మిగతా మూడిండ్లకు గూడా నువ్వే చెప్పు మా. నేను చెబితే పని పోతాది." ఇప్పటికి ఒక ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు.