పైన గద్ద, కింద ఎలుక

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఎవరైనా మన చేతిలోది లాక్కుని పారిపోతే “గద్ద కోడిపిల్లను తన్నుకుపోయినట్టు తన్నుకుపోయాడమ్మా” అంటాం. పట్నంలో పుట్టి, మేడల మీద పెరిగి, గద్ద కోడిపిల్లను ఎత్తుకుపోవడం ఒక్కసారైనా కళ్ళారా చూడనివాళ్ళు కూడా ఈ మాట వాడతారు. మనం చూడకపోయినా మన అమ్మమ్మలు చూశారు. అప్పుడు వాళ్ళ గుండె ఝల్లుమన్న సంగతి మన మాటల్లో మిగిలిపోయింది. చైనాలో పిల్లలకు ఇది ఒక ఆట కూడానూ. ఒకరు తల్లికోడి. మిగతావాళ్ళు ఆమె వెనకాల ఒకరినొకరు పట్టుకుని వరుసగా నిలబడే కోడిపిల్లలు. ఎదురుగా గద్ద. గద్ద ఎటు దూకితే తల్లి చేతులు చాపి అటు అడ్డం వెళుతుంది. ఆట అంతా అంతే.

ఈవేళ ఈ కోడిపిల్లల కాపలా గురించి నాలుగు మాటలు చెబుతాను. “ఇందులో చరిత్ర ఏముందండీ?” అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని, నా కోడిపిల్లలు పోయేదాకా.

కొన్నేళ్ళ క్రితం మా పెరట్లో ఎనిమిది కోడిపిల్లల్ని పెంచాలని సరదా పుట్టింది. మిషనులో పొదిగిన వారం రోజుల పిల్లల్ని తెచ్చాం. వడ్రంగిని పిలిపించి చెక్కతో గూడు చేయించాం. మా కాలనీలో నీళ్ళ ట్యాంకు మీద ఎప్పుడూ గద్దలు వాలి ఉంటాయి. అంచేత గూటికి పైనా, ముందూ బజారులో దొరికే ఆరు పలకల కన్నాల ఇనుప జాలీ కొట్టించాం. గద్ద కాదు గదా, కాకి ముక్కు కూడా లోపలికి రాదని ధీమాగా పడుకున్నాను. తెల్లారి చూస్తే ఎనిమిదింటికి ఐదే ఉన్నాయి. జాలీ చెక్కు చెదరలేదు. తలుపు గడియ వేసినట్టే ఉంది. మూల రెండు ఈకలు మాత్రం ఉన్నాయి.

పాలు పోసే ఆమె వచ్చి, వంగి చూసి, “ఎలుక పని అమ్మగారూ! మీరు గద్దను తలుచుకుని గూడు కట్టించారు, ఎలుకను తలుచుకోలేదు” అంది. చదువుకున్న నాకు తోచని సంగతి ఆమె ఒక్క చూపులో చెప్పేసింది. అక్కడినుంచి ఈ విషయం మీద పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. తిరగేసిన కొద్దీ తెలిసిందేమిటంటే, నేను చేసిన పొరపాటు మనుషులు చాలాకాలంగా చేస్తున్నదే.

కోడి అడవి పక్షి. ఆగ్నేయాసియా అడవుల్లోని ఎర్ర అడవికోడి దాని మూలపురుషుడని 19వ శతాబ్దంలోనే డార్విన్ అభిప్రాయపడ్డాడు. 2020లో వెలువడిన జన్యు పరిశోధనలు నైరుతి చైనా, ఉత్తర థాయిలాండు, మియన్మారు ప్రాంతాల అడవికోడి వైపు వేలు చూపించాయి. థాయిలాండులోని బాన్ నోన్ వాట్ అనే పాత గ్రామంలో తవ్వకాల్లో బయటపడ్డ కోడి ఎముకలు క్రీస్తుకు పూర్వం 1650కీ, 1250కీ మధ్యకాలపువని 2022లో పండితులు తేల్చారు. వరి, చిరుధాన్యాలు పండించే ఊళ్ళ దగ్గర రాలిన గింజలకోసం అడవికోడి మెల్లగా మనిషిని చేరిందని వారి ఊహ.

ఇక్కడ ఒక తమాషా చూడండి. గింజకోసం కోడి వచ్చింది. అదే గింజకోసం ఎలుక వచ్చింది. ఎలుకకోసం పామూ, పిల్లీ వచ్చాయి. మనిషి పంచన చేరి కోడి కొన్ని శత్రువులను తప్పించుకుంది గాని, కొత్త శత్రువులు ఆ ఇంట్లోనే ఉన్నాయన్నమాట.

అడవిలో కాపలా అంతా తల్లిదే. అడవికోడి పిల్లలు గోధుమరంగు చారలతో ఎండుటాకుల్లో కలిసిపోతాయి. తల్లి హెచ్చరిస్తే ఎక్కడివక్కడ కదలకుండా అణిగిపోతాయి. ఆ హెచ్చరికలు రెండు రకాలు. ఆకాశంలో గద్ద కనబడితే ఒక కూత, నేలమీద నక్కో, కుక్కో వస్తుంటే ఇంకో కూత. క్రిస్టఫర్ ఎవాన్స్, లిండా ఎవాన్స్, పీటర్ మార్లర్ అనే శాస్త్రజ్ఞులు 1993లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎదుట ఏ శత్రువూ లేకుండా, రికార్డు చేసిన కూతలు మాత్రమే పెట్టెలకు వినిపించారు. గద్ద కూత వినగానే అవి చాటుకు పరుగెత్తి, ముడుచుకుని, పైకి చూశాయి. రెండో కూత వినగానే మెడ నిక్కించి చుట్టూ చూశాయి. అంటే “పైన!” అని ఒక మాట, “కింద!” అని ఒక మాట వాటి భాషలో ఉన్నాయి. పక్కన పెట్ట ఉన్నప్పుడే పుంజు గద్ద కూత ఎక్కువగా కూస్తుందని 1986లోనే మార్లర్ బృందం గమనించింది. వినేవాళ్ళుంటేనే మగవాడికి ధైర్యం అని నవ్వకండి!

పైన ఒక శత్రువు, కింద ఒక శత్రువు. ఈ రెండు కూతలూ గుర్తుంచుకుంటే మిగతా చరిత్ర అంతా సులువుగా అర్థమవుతుంది. మనిషి కల్పించిన ప్రతి సాధనమూ ఒక కూతకు జవాబు చెప్పి, రెండోదాన్ని మరిచిపోయింది.

మన పల్లెల్లోని గంపనే తీసుకోండి. మేదరివాళ్ళు వెదురుబద్దలతో అల్లిన గంపను పిల్లలకోడి మీద బోర్లిస్తారు. గాలి ఆడుతుంది, వెలుతురు వస్తుంది, పిల్లలు తల్లి రెక్కల కిందనే ఉంటాయి. గద్దకు, కాకికి అది చక్కని జవాబు. మరి పిల్లి వచ్చి గంప పడదోస్తే? అందుకే పైన బరువైన రాయి. పందికొక్కు నేల తవ్వుకుని వస్తే? అందుకే రాత్రిపూట గంప పెరట్లో వదలకుండా వసారాలోకి, మనుషులు పడుకునే చోటికి తెచ్చుకునేవారు. గంప ఒక్కటే కాదు, గంపతోబాటు ఒక ఆడమనిషి చెవి కూడా కాపలా కాసేది. అర్ధరాత్రి కోడి గుర్రుమంటే లేచి దీపం తీసుకు వెళ్ళేది ఆవిడే. సాయంత్రం నూకలు చల్లి, పిల్లల్ని లెక్కపెట్టి మూసేదీ ఆవిడే. ఆ లెక్కలో ఒకటి తగ్గితే ఆవిడకు అన్నం సహించేది కాదు. ఎందుకంటే పొలం మీద వచ్చేది మగవాళ్ళ చేతికి వెళ్ళేది. గుడ్లు, కోళ్ళు అమ్మిన నాలుగు డబ్బులు మాత్రం చాలా ఇళ్ళలో ఇల్లాలి కొంగున ముడిపడేవి. గద్ద తన్నుకుపోయింది పిల్లనే కాదు సుమండీ, ఆవిడ కొంగు ముడిని కూడా.

ఇదే బాధ రోమనులకూ ఉంది. క్రీస్తుకు పూర్వం 37లో వర్రో అనే పెద్దాయన, ఎనభయ్యో యేట, వ్యవసాయం మీద మూడు భాగాల గ్రంథం రాశాడు. మొదటి భాగం భార్య ఫుండానియాను ఉద్దేశించి రాశాడు. ఆవిడ పొలం కొనుక్కుంది, ఎలా సాగుచేసుకోవాలో చెప్పాలి గదా! మూడో భాగంలో కోళ్ళ సంగతి ఉంది. కోళ్ళగూటి కిటికీలకు సన్నని కొమ్మలతో అల్లిన తడికలు బిగించాలనీ, వాటిలోంచి వెలుతురు బాగా రావాలి గాని కోళ్ళకు హాని చేసేదేదీ దూరకూడదనీ ఆయన సలహా. నేను ఆ వాక్యం చదివి సిగ్గుపడ్డాను. రెండువేల ఏళ్ళ కిందటి ముసలాయనకు ఉన్న జాగ్రత్త నాకు లేకపోయింది!

తరువాతి శతాబ్దంలో కొలుమెల్లా అనే మరో రోమను రచయిత ఇంకా వివరంగా రాశాడు. కోళ్ళగూడు వంటింటి పక్కన ఉండాలట, పొగ తగిలితే కోళ్ళకు మంచిదని. పాము ఊపిరి సోకితే చాలు, పిల్లలన్నీ చచ్చిపోతాయని ఆయన నమ్మకం. అది రాకుండా జింకకొమ్ము గాని, ఒక రకం బంక గాని, లేకపోతే ఆడవాళ్ళ తలవెంట్రుకలు గాని కాల్చి పొగపెట్టమన్నాడు. పాము ఊపిరికి చావడం కల్ల. కాని పాము గూట్లో దూరుతుందన్న భయం నిజమే. చిన్న పిల్లల్ని పాములు మింగుతాయి. వెంట్రుకల పొగకు పాము రాకుండా ఉంటుందని మాత్రం మీ జడలు పాడుచేసుకోకండి.

ఇక 19వ శతాబ్దానికి వద్దాం. ఇంగ్లండులో నారిచ్ పట్టణం బట్టల నేతకు పేరుపడ్డది. అక్కడ చార్లెస్ బార్నార్డ్ అనే ఇనుపసామాను వ్యాపారి 1844లో, బట్టలు నేసే యంత్రాల పద్ధతిలోనే ఇనుపతీగతో వల అల్లే యంత్రం తయారుచేశాడు. ఈనాడు బజారులో చుట్టలు చుట్టి అమ్మే కోళ్ళ జాలీకి అదే ఆది. తేలిక, చవక, ఎటైనా వంగుతుంది. కోళ్ళు బయటికి పోకుండా అది బాగా ఆపుతుంది. గద్దనూ ఆపుతుంది. కాని కన్నం అంగుళమో, అంగుళంన్నరో ఉంటే ఎలుక దూరనే దూరుతుంది. తీగ పల్చన కాబట్టి కుక్క గట్టిగా లాగితే చిరుగుతుంది. అది కోడిని లోపల ఉంచే వల, శత్రువును బయట ఉంచే గోడ కాదు. మా గూటికి కొట్టించింది ఇదే!

అసలు లోటు ఇంకొకటి ఉంది. నా పిల్లలకు తల్లి లేదు. గుడ్లను తల్లి లేకుండా పొదిగించే విద్య పాతదే. ఈజిప్టులో ఇటుక పొయ్యిలలో వేలకొద్దీ గుడ్లు పొదిగించేవారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్ 1749లో ఆ పద్ధతి గురించి పెద్ద పుస్తకమే రాశాడు. ఆ తరువాత యంత్రాలు వచ్చాయి. వేడి యంత్రం ఇస్తుంది, దాణా మనం పెడతాం. కాని “పైన!” అనీ, “కింద!” అనీ కూసేదెవరు? ఆ రాత్రి మా గూట్లో పిల్లల్ని రెక్కల కిందకు లాక్కునేవాళ్ళు లేరు, ముక్కుతో ఎలుకను పొడిచేవాళ్ళు లేరు.

దీనికి ఒక ఇల్లాలి పెరట్లోనే అనుకోకుండా మరో జవాబు దొరికింది. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలో సిసిల్ స్టీల్ అనే ఆవిడ 1923లో గుడ్లకోసం 50 పిల్లలు పంపమని రాస్తే, పొరపాటున 500 వచ్చాయి. ఆవిడ వాటిని తిప్పి పంపలేదు. చిన్న షెడ్డు వేయించి అందులోనే పెంచి, బతికిన 387 కోళ్ళను మాంసానికి అమ్మింది. లాభం వచ్చింది. ఇవాళ్టి మాంసపు కోళ్ళ పరిశ్రమకు అక్కడే అంకురం పడిందంటారు. ఆ పరిశ్రమలో కోడికి ఆకాశమే లేదు కాబట్టి గద్ద బాధ లేదు. నాలుగు గోడల మధ్య వేలకొద్దీ కోళ్ళు ఉంటే ఒకదానికి వచ్చిన రోగం అన్నిటికీ అంటుకుంటుంది. శత్రువు గద్ద రూపం వదిలి కంటికి కనిపించని పురుగు రూపం ఎత్తింది.

అయినా పెరటికోడి పోలేదు. 2019 పశుగణనలో మన దేశంలో పెరటికోళ్ళు సుమారు 31 కోట్ల 70 లక్షలు. అంతకుముందు లెక్కకంటే దాదాపు 46 శాతం ఎక్కువ. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థవారు ఈ పెరళ్ళకోసమే వనరాజా, గ్రామప్రియ అనే రకాలు తయారుచేశారు. తెల్లకోడి గద్దకు దూరంనుంచే కనిపిస్తుంది గనుక వీటికి రంగు ఈకలు ఉండేట్టు చూశారు. పరుగెత్తి తప్పించుకోవడానికి వనరాజాకు కాళ్ళు పొడుగు. అన్నిటికంటే ముఖ్యం, మొదటి ఆరు వారాలు పిల్లల్ని వెచ్చని, భద్రమైన చోట పెంచి, ఆ తరువాతే పెరట్లోకి వదలమంటారు. ఇంత పరిశోధన జరిగాక కూడా తేలిందేమిటి? మన అమ్మమ్మ గంప కింద చేసిన పనే. రెక్క బలిసేదాకా పిల్లకు ఎవరో ఒకరు తల్లిగా ఉండాలి.

మీలో ఎవరికైనా డాబామీదో, పెరట్లోనో నాలుగు పిల్లల్ని పెంచాలని ఉంటే నా నష్టంనుంచి లాభం పొందండి. అర అంగుళానికి మించని కన్నాల గట్టి అతుకు జాలీ వాడండి. నేలమీద గూడైతే జాలీని అడుగు లోతు పాతించండి, లేదా అడుగున రాళ్ళు పరిపించండి. తలుపు సందు చూసుకోండి. దాణా రాత్రిపూట గూట్లో వదలకండి, అది ఎలుకకు పిలుపు. గద్దమీదా, ముంగిసమీదా కోపంతో మందు పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని చంపడం నేరం. పైగా వాటి పిల్లలకూ ఆకలేస్తుంది. మన పిల్లల్ని దాచుకోవడం మన పని.

చివరిమాట. పశుగణనలో కోళ్ళను లెక్కపెడతారు. ప్రతి సాయంత్రం పిల్లల్ని లెక్కపెట్టి గంప మూసిన చేతుల్ని ఏ గణనలోనూ ఎక్కించలేదు. పుస్తకాల్లో వర్రో పేరుంది, బార్నార్డ్ పేరుంది. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ సాయంత్రం పక్కన కూర్చుని అడగండి, “మీరు పిల్లలకోడిని ఎలా కాచుకునేవారు?” అని. ఆవిడ చెప్పేది శ్రద్ధగా వినండి. అడిగేవాళ్ళు లేక చెప్పలేదు గాని, ఈ చరిత్రలో సగం ఆవిడ దగ్గరే ఉంది.

నా ఐదు పిల్లలూ పెద్దవయ్యాయి. ఆ గూటికి కొత్త జాలీ పాలామె దగ్గరుండి కొట్టించింది.