తుపాకీ గొట్టం చెప్పే చరిత్ర



మ్యూజియంలో పాత తుపాకీ చూస్తే మనం ముందు దాని మీది అక్షరాలే చదువుతాం. కిరీటం గుర్తు, ‘టవర్’ అన్న మాట, ఒక సంవత్సరం. ఇంకేముంది, ఇంగ్లండు సైనిక రైఫిల్ అనేసుకుంటాం. కానీ అవి ఉండేది పక్కనున్న లాక్ ప్లేటు మీద. గొట్టం కథ వేరే ఉండొచ్చు.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌నే తీసుకుందాం. గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577 అంగుళం, లోపల మూడు మెలి గాళ్ళు. ఆ మెలికల వల్ల గుండు తిరుగుతూ వెళ్ళి వందల గజాల దూరంలోనూ గురి తగిలేది. దీని తూటాలకు పూసిన కొవ్వు గొడవే 1857 తిరుగుబాటుకు ఒక నిప్పురవ్వ.

తిరుగుబాటు అణిచాక తెల్లదొరలకు భయం పట్టుకుంది. మన సిపాయిల చేతికి మళ్ళీ అంత మంచి ఆయుధం ఇవ్వకూడదనుకున్నారు. అవే గొట్టాలను లోపల తొలిచి గాళ్ళు తీసేశారు. వ్యాసం సుమారు 0.65 అంగుళానికి పెరిగింది. దూరాన్ని బట్టి లేపే సైటు పోయి కదలని దిమ్మ వచ్చింది. ఇది 1858 నమూనా. తొలిచిన గొట్టం పలచబడి తేలిగ్గా పాడయ్యేది. అందుకే 1859 నమూనాకు మందమైన గొట్టం చేశారు.

అంటే గుర్తుపట్టడం ఇలా: వాడి వాడి గాళ్ళు అరిగితే వ్యాసం అంత పెరగదు. నున్నటి గొట్టం, పెద్ద వ్యాసం, పలచని అంచు, దిమ్మ సైటు నాలుగూ కలిస్తే అది మార్చిన రైఫిల్. అంచు మందంగా ఉంటే మొదట్నుంచీ నున్నగా చేసిందే. తర్వాత్తర్వాత లీ-ఎన్‌ఫీల్డ్ 0.303 రైఫిళ్ళనూ ఇషాపూర్‌లో ఇలాగే 0.410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు ఇచ్చారు. మ్యాగజైన్ మూసేసి, ఒక్కో తూటాయే పెట్టుకునేలా చేశారు.

ఇది మనకెందుకంటారా? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి అల్లూరి, గాం గంటం దొర, మల్లు దొర దళం 26 తుపాకులు తీసుకెళ్ళింది. రేపు ఎవరైనా ఒక తుపాకీ చూపించి ‘ఇది రంప పోరుది’ అంటే మనం రెండు ఏళ్ళు అడగాలి: తయారైనది ఎప్పుడు, మార్చింది ఎప్పుడు? 1924 తర్వాత మార్చిందైతే ఆ రూపంలో అది మన్యం పోరులో లేదు. ముందుదైనా, అదొక్కటే రుజువు కాదు.

ఒక జాగ్రత్త. పాత గొట్టంలో ఇంకా మందు ఉండొచ్చు. మీరు ముట్టుకోకండి, సిబ్బందినే కొలిచి చెప్పమనండి.

మన పెద్దల పోరాటం నిజం. దానికి అబద్ధపు సాక్ష్యం అక్కర్లేదు.