గార్డుని పంపే ఏజెన్సీకి లైసెన్సు కావాలి, మేనేజరుకి అక్కర్లేదు

మన గేటు దగ్గర నిలబడే గార్డుని పంపించే ఏజెన్సీకి ప్రభుత్వ లైసెన్సు ఉండి తీరాలి. కేంద్రం 2005లో చేసిన ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం అది. ఒక జిల్లాలో పనిచేస్తే ఇంత ఫీజు, రాష్ట్రమంతా అయితే ఇంత, గార్డుకి క్లాసులో 100 గంటలు, ఫీల్డులో 60 గంటలు శిక్షణ.. అన్నీ రూల్సులో రాసే ఉన్నాయి. కొత్త ప్రాజెక్టులో మనకి ఫ్లాటు చూపించి కమీషన్ పుచ్చుకునే ఏజెంటు కూడా రెరాలో నమోదై ఉండాలి. మరి ఆ గార్డుల మీద పెత్తనం చేస్తూ, లిఫ్టులు, జనరేటర్లు, ఎస్టీపీ, ట్యాంకర్లు, మన నెలనెలా మెయింటెనెన్సు డబ్బు అన్నీ చూసుకునే ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీకో? ఆ పని చేయడానికంటూ ఏ లైసెన్సూ లేదు. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు, నాలుగు విజిటింగ్ కార్డులు ఉంటే రేపు మీరూ నేనూ కూడా మొదలెట్టొచ్చు.

ఇదేం పెద్ద విషయమా అనిపిస్తే ఒక చిన్న లెక్క వేద్దాం. కొండాపూర్ లోనో నల్లగండ్లలోనో 800 ఫ్లాట్ల కమ్యూనిటీ అనుకోండి. సగటున 1,500 చదరపు అడుగులు, అడుగుకి నెలకి 4 రూపాయలు. నెలకి 48 లక్షలు, ఏడాదికి 5 కోట్ల 76 లక్షలు. రిజిస్ట్రేషన్ అప్పుడు అడుగుకి 75 చొప్పున కార్పస్ ఫండ్ కట్టి ఉంటే అదో 9 కోట్లు. మనలో చాలామంది పనిచేసే స్టార్టప్పులకి అంత టర్నోవర్ ఉండదు :) దాన్ని నడిపేదేమో పగలంతా ఆఫీసు, రాత్రి క్లయింటు కాల్స్ చూసుకునే ఐదారుగురు కమిటీ మెంబర్లు, వాళ్లు పెట్టుకున్న ఒక కంపెనీ.

ఇది ఇలా ఎందుకు తయారైందో తెలుసుకుందామని పాత చట్టాలు కొంచెం తిరగేశాను. కథ మనం అనుకునేదానికన్నా పాతది.

మన దగ్గర అపార్ట్‌మెంట్లకంటూ ప్రత్యేకంగా చట్టం వచ్చింది 1987లో, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. పేరు పొడుగు.. అపార్ట్‌మెంట్ల నిర్మాణ ప్రోత్సాహం, యాజమాన్యం చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే ఉంచుకుంది. అప్పటికే ఇలాంటివి మహారాష్ట్రలో 1970లో, కర్ణాటకలో 1972లో వచ్చాయి. వీటన్నిటిలో మూల ఆలోచన ఒకటే. గోడల లోపల నీది, గోడల బయట అందరిదీ, ఆ అందరిదాన్ని యజమానుల సంఘం చూసుకోవాలి. భయమంతా బిల్డరు గురించే. టైటిల్ చూపించాడా, ప్లాను చూపించాడా, అడ్వాన్సు తీసుకుని పారిపోతాడా.. చట్టం దృష్టి అక్కడే. బిల్డరు వెళ్లిపోయిన తర్వాత ముప్పై నలభై ఏళ్ల పాటు ఆ బిల్డింగుని ఎవరు నడుపుతారు అన్న ప్రశ్న అప్పట్లో పెద్దగా రాలేదు. రావలసిన అవసరమూ లేదు లెండి. పన్నెండు ఫ్లాట్లు, ఒక వాచ్‌మన్ కుటుంబం, ఒక బోరు, ఒక సంపు. సెక్రటరీ గారు అంటే రిటైరైన బ్యాంకు ఉద్యోగి, లెక్కలు లాంగ్ నోట్‌బుక్కులో రాసి నోటీసు బోర్డుకి అంటించేవారు. మోసం జరిగినా ఎంతకని!

మహారాష్ట్ర 1970 చట్టంలో నాకు బాగా నచ్చిన (అంటే నవ్వొచ్చిన) విషయం ఒకటుంది. సంఘం కావాలనుకుంటే మేనేజరునో, "మేనేజింగ్ ఏజెంటు"నో పెట్టుకోవచ్చు, తన అధికారాల్లో కొన్ని అతనికి అప్పగించొచ్చు, బైలాస్‌లో రాసుకుంటే చాలు అని. ఆ మేనేజింగ్ ఏజెంటు అన్న మాటకి మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. బ్రిటిష్ కాలంలో కలకత్తాలో ఆండ్రూ యూల్ లాంటి సంస్థలు జూటు మిల్లుల్ని, బొగ్గు గనుల్ని, టీ తోటల్ని ఈ పద్ధతిలోనే నడిపేవి. కంపెనీ వాటాదారులది, పెత్తనం ఏజెంటుది. కొనుగోళ్లు తన ఇంకో కంపెనీ నుంచే, అమ్మకాల మీద కమీషన్, మిల్లు నష్టపోయినా ఏజెంటు నష్టపోడు. 1936లో సవరణ తెచ్చి గడువు 20 ఏళ్లకి మించకూడదన్నారు. 1956 కంపెనీల చట్టంలో ఇంకా బిగించారు. ఎంత బిగించినా లాభం లేదని 1970 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతినే మొత్తం రద్దు చేశారు. అంటే కంపెనీల నుంచి మేనేజింగ్ ఏజెంటుని తరిమేసిన ఏడాదే, అపార్ట్‌మెంట్లలోకి అదే పేరుతో ఏ షరతులూ లేకుండా రానిచ్చారన్నమాట. రెంటికీ సంబంధం ఉందని నేననను. కానీ మనవాళ్ల ఫెసిలిటీ కాంట్రాక్టులు చూడండి. మేనేజ్‌మెంట్ ఫీజు అంటే చాలాచోట్ల మ్యాన్‌పవర్ ఖర్చు మీద ఇంత శాతం. హౌస్‌కీపింగ్‌కి ఇంకో పదిమందిని పెడితే ఫీజు పెరుగుతుంది. తగ్గిస్తే తగ్గుతుంది. ఖర్చు తగ్గించమని మనం చెప్పేది, ఖర్చు పెరిగితే లాభపడేవాడికి!

ఇక మన కారిడార్ సంగతి. 1998 నవంబరు 22న వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టిన ఆ బిల్డింగుతోనే మాదాపూర్ వైపు చిల్లర్లు, డీజీ సెట్లు, ఇరవైనాలుగ్గంటల హౌస్‌కీపింగ్ అనే సంస్కృతి మొదలైందని చెప్పొచ్చు. ఐటీ పార్కుల్లో ఇది బాగానే నడిచింది. ఎందుకంటే అక్కడ అద్దెకున్న కంపెనీకి అడ్మిన్ డిపార్ట్‌మెంటు ఉంటుంది, లీగల్ ఉంటుంది, ఎస్సెల్ఏ తప్పితే బిల్లులో కోత పడుతుంది. వెండరుకి ఎదురుగా కూర్చునేవాడు కూడా జీతం తీసుకుని అదే పని చేసేవాడే.

తర్వాత 2006 మార్చిలో 86 నంబరు జీవో వచ్చింది. హైదరాబాదులో ఎఫ్ఎస్ఐ పరిమితి తీసేసి, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకుల లెక్కన ఎత్తు నిర్ణయించే పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడాది శేరిలింగంపల్లి జీహెచ్ఎంసీలో కలిసింది. ఈ రోజు కొండాపూర్ నుంచి కోకాపేట దాకా కనిపించే ఆకాశహర్మ్యాల వెనక ఆ జీవో పాత్ర చాలా ఉంది. ఆ టవర్లతో పాటే పార్కుల్లో ఉండే యంత్రాలన్నీ ఇళ్లలోకి వచ్చాయి, వాటి వెనకే ఫెసిలిటీ కంపెనీలూ వచ్చాయి. కానీ ఎదురుగా కూర్చోడానికి అడ్మిన్ డిపార్ట్‌మెంటు రాలేదు. ఆ కుర్చీలో మనమే కూర్చున్నాం.

2012, 2013 ఎండాకాలాల్లో కరెంటు కోతలు గుర్తున్నాయా? అప్పట్లో అపార్ట్‌మెంటు బడ్జెట్‌లో డీజిల్ పెద్ద పద్దు. జనరేటరు ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని లీటర్లు తాగింది అన్న లాగ్‌బుక్కు రాసేదీ వాళ్ల టెక్నీషియనే, సంతకం చేసేదీ వాళ్ల మేనేజరే, బిల్లు పెట్టేదీ వాళ్లే. మన భాషలో చెప్పాలంటే రూట్ యాక్సెస్ ఉన్నవాడే లాగ్ ఫైల్ రాస్తున్నాడు. ఇప్పుడు డీజిల్ స్థానంలో నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. 2024 ఎండాకాలంలో కొండాపూర్, గచ్చిబౌలి వైపు బోర్లెండిపోయి ట్యాంకర్ల కోసం ఎంత పడిగాపులు పడ్డామో చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి వచ్చిన ట్యాంకరు నిండుగా ఉందో లేదో ఎవరు చూశారు? మా కమ్యూనిటీలో (పేరెందుకు లెండి) ఒక నెల ట్యాంకర్ల సంఖ్యకీ, గేటు ఎంట్రీకీ పొంతన లేదని అడిగితే "యాప్‌లో సింక్ అవ్వలేదు సార్" అని సమాధానం వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్లకే ఆ మాట చెప్పడానికి ధైర్యం ఉండాలి!

సరే, అన్యాయం జరిగితే ఎక్కడికెళ్లాలి? మన సంఘాలు చాలామటుకు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి. అంతకుముందు తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు 1350 ఫస్లీ నాటి చట్టం ఉండేది, అంటే సుమారు 1940-41. కళలు, సాహిత్యం, క్రీడలు, దానధర్మాలు.. ఇలాంటి పనులు చేసే సంఘాల కోసం రాసిన చట్టం ఈ 2001ది. నాటక సమాజానికి సరిపోయే చొక్కా తెచ్చి ఆరు కోట్ల వ్యాపారానికి తొడిగాం. ఏటా కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రారుకి ఇవ్వాలి. గొడవొస్తే మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, లేదా జిల్లా కోర్టుకి వెళ్లాలి. ఇంకొందరు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యారు. ఎన్నికలూ ఆడిటూ అందులో కాస్త గట్టిగా ఉంటాయి. నా ఓటు దానికే. కానీ ఈ రెండు చట్టాలకీ తెలిసింది సంఘం ఒక్కటే. సంఘం డబ్బు పట్టుకున్న కంపెనీ వాటికి కనపడదు.

మన మెయింటెనెన్సు డబ్బుని ముందుగా గుర్తించింది పన్నుల శాఖ. 2005లో క్లబ్బులు, అసోసియేషన్ల మీద సర్వీస్ టాక్స్ వేశారు. 2007లో నెలకి 3,000 దాకా రెసిడెంట్ సంఘాలకి మినహాయింపు ఇచ్చారు, 2012లో అది 5,000 అయింది, జీఎస్టీలో 2018 జనవరి నుంచి 7,500. దాటితే మొత్తం మీద కట్టాలని 2019లో సర్క్యులర్ ఇస్తే, దాటిన దాని మీదే కట్టాలని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. అంటే ఎంత వసూలు చేస్తున్నారో ప్రభుత్వం పైసాతో సహా అడుగుతుంది. ఏం చేస్తున్నారని మాత్రం అడగదు.

రెరా వచ్చాక కొంత మారింది, న్యాయంగా చెప్పుకోవాలి. 2016 చట్టం ప్రకారం సంఘం ఏర్పడేలా చూడాల్సింది బిల్డరే, సంఘం తీసుకునేదాకా సరైన చార్జీలకి నిర్వహణ చూడాల్సిందీ అతనే, ఉమ్మడి స్థలాలు సంఘం పేరున రాసివ్వాల్సిందీ అతనే. కట్టడంలో లోపాలకి ఐదేళ్ల బాధ్యత ఉంది. తెలంగాణలో 2017లో రూల్సు వచ్చాయి, 2017 జనవరి తర్వాత అనుమతులు వచ్చిన ప్రాజెక్టులకి వర్తిస్తాయి. కానీ హ్యాండోవర్ అయిన మరుక్షణం రెరా మొహం తిప్పుకుంటుంది. చాలా సందర్భాల్లో బిల్డరు పెట్టిన కంపెనీయే కొనసాగుతుంది, డ్రాయింగులు, వారంటీ కాగితాలు, ఏఎంసీలు, పాస్‌వర్డులు అన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. మార్చాలంటే భయం.

బయట దేశాల్లో? ఫ్లోరిడాలో పది యూనిట్లు దాటినా, ఏడాది బడ్జెట్ లక్ష డాలర్లు దాటినా మేనేజరుకి వ్యక్తిగత లైసెన్సు ఉండాలి. ఆంటారియోలో 2017 నుంచి తప్పనిసరి. దుబాయ్ 2019 చట్టంతో మేనేజ్‌మెంట్ కంపెనీల్ని అక్కడి రెరా పరిధిలోకి తెచ్చి, సర్వీస్ చార్జీల వసూలుని ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థతో కలిపింది. మనవాళ్లు బోలెడుమంది ఉన్న టెక్సస్‌లో మాత్రం లైసెన్సు లేదు (ఫ్రిస్కోలో ఉండే మా కజిన్ హెచ్ఓఏని తిట్టని రోజుండదు). కొలరాడోది తమాషా కథ. 2015లో లైసెన్సు తెచ్చారు, 2019లో పొడిగింపు బిల్లుని గవర్నరు వీటో చేస్తే అది కాస్తా ముగిసిపోయింది. లైసెన్సు సర్వరోగనివారిణి కూడా కాదు. మేనేజర్లకి సర్టిఫికెట్ రూలున్న నెవాడాలోనే, లాస్ వేగాస్‌లో ఒక ముఠా బినామీ యజమానుల్ని పెట్టి, కమిటీ ఎన్నికలు గెలిచి, రిపేరు కాంట్రాక్టులు తమవాళ్లకే ఇప్పించుకుంది. 2008లో ఎఫ్‌బీఐ సోదాలు చేస్తే చివరికి నలభై మందికి పైగా దోషులుగా తేలారు.

అందుకే నాకు పరీక్షలు, సర్టిఫికెట్ల మీద పెద్ద మోజు లేదు. మనదేశంలో అది ఇంకో లంచం కౌంటరు అయ్యే ప్రమాదమూ ఉంది. 1987 చట్టం రాష్ట్రానిదే, సవరించడానికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు. కంపెనీ నమోదు, సంఘం పేరుమీదే బ్యాంకు ఖాతా, వెండరుతో బంధుత్వం ఉంటే రాతపూర్వకంగా చెప్పడం, కాంట్రాక్టు ముగిస్తే ఇన్ని రోజుల్లో రికార్డులు అప్పగించకపోతే జరిమానా. ఇంతమాత్రం రాస్తే చాలు.

అది జరిగేదాకా ఇవే మాటలు కాంట్రాక్టులో రాయించుకోవచ్చు, ఎవరూ ఆపరు. ఈ ఏడాది రెన్యువల్‌కి మా కమిటీ అవే పెట్టింది. ఖాతాకీ, రెండు సంతకాలకీ కంపెనీ ఒప్పుకుంది. రికార్డులు ముప్పై రోజుల్లో అప్పగించే క్లాజు దగ్గర మాత్రం మూడు వారాలుగా "హెడ్డాఫీసుకి పంపాం సార్" అంటున్నారు.