చట్టం ఎవరి మీద పడుతుంది? – అలిపిరి, పుత్తూరు, శేషాచలం



పోయిన భాగం చదివిన ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "ఉపా లాంటి చట్టం లేకపోతే టెర్రరిస్టులను ఎట్లా పట్టుకుంటారు సార్?" అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. మన పాత చిత్తూరు జిల్లాలో పన్నెండేళ్ల లోపల జరిగిన మూడు సంఘటనలను వరసగా పెట్టి చూస్తే చాలు.

మొదటిది అలిపిరి. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు తిరుమల వెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద పీపుల్స్‌వార్ క్లేమోర్ మైన్లు పేల్చింది. ఆయన గాయాలతో బయటపడ్డారు. మనుషులను చంపడానికి చేసిన దాడి అది, నేరమే. అయితే ఇలాంటి దాడి జరిగినప్పుడల్లా "మామూలు చట్టాలు చాలవు" అని ప్రభుత్వాలు అంటాయి. భయంలో ఉన్న జనం సరే అంటారు. ఆ "సరే" ఎంత దూరం పోతుందో చూడండి.

1985లో పంజాబ్‌ను చూపించి టాడా తెచ్చారు. రెండేళ్ల కోసమని చెప్పింది పదేళ్లు నడిచింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలును కోర్టులో సాక్ష్యంగా వాడుకోవచ్చని 1987 చట్టంలో రాశారు. మామూలు కేసుల్లో అది చెల్లదు. ఎందుకు చెల్లకూడదో, ఒక్కసారైనా స్టేషన్ గడప తొక్కిన మన వాడ మనిషిని అడిగితే చెబుతాడు. టాడా కింద దేశమంతా 76 వేల మందికి పైగా అరెస్టయ్యారు. శిక్ష పడింది చాలా కొద్దిమందికి. 1995లో అది ముగిసింది. 2002లో పోటా వచ్చింది, 2004లో రద్దయింది. రద్దయిన ఆ ఏడాదే, ఉగ్రవాదం మీద అందులో ఉన్న ముఖ్యమైన సెక్షన్లను 1967 నాటి ఉపాలోకి ఎక్కించారు. టాడాకూ పోటాకూ గడువైనా ఉండేది. ఉపాకు గడువే లేదు. ముంబయి దాడుల తర్వాత 2008లో బెయిలును దాదాపు అందకుండా చేశారు. చార్జిషీటు వేయకుండానే 180 రోజుల దాకా నిర్బంధంలో ఉంచే వీలు కల్పించారు. 2019లో, సంస్థలనే కాదు, విచారణ లేకుండానే ఒక వ్యక్తిని కూడా ఉగ్రవాదిగా ప్రకటించే అధికారం కేంద్రం తీసుకుంది. చట్టాల పేర్లు మారాయి గానీ, తీసుకున్న అధికారాన్ని ప్రభుత్వం పెద్దగా వదులుకున్నది లేదు.

సాహిత్య విద్యార్థులకు ఇంకో ఉదాహరణ. మన రాష్ట్రానికి 1992 నుంచీ సొంత ప్రజా భద్రతా చట్టం ఉంది. 2005 ఆగస్టు 17న ప్రభుత్వం మావోయిస్టు పార్టీతో పాటు రచయితల సంఘమైన విరసాన్నీ నిషేధించింది. 'అంటరాని వసంతం' రాసిన జి. కల్యాణరావు అరెస్టయ్యారు. అంటరాని జనం తరతరాల చరిత్రను నవల చేసిన రచయిత ఆయన. అంతకుముందు ఏడాది ప్రభుత్వంతో జరిగిన శాంతి చర్చల్లో ప్రతినిధిగా కూర్చున్న మనిషి కూడా. విరసం మీద నిషేధం కొద్ది నెలలకే పోయింది. కానీ తుపాకీ పట్టిన వాళ్ల కోసమని చెప్పిన చట్టం కలం పట్టిన వాళ్ల మీదికి రావడానికి ఎంతో సమయం పట్టదని తేలిపోయింది.

రెండోది పుత్తూరు. 2013 అక్టోబరులో, హత్య కేసుల్లో తమిళనాడు పోలీసులు వెతుకుతున్న ఇద్దరు అక్కడ ఒక అద్దె ఇంట్లో ఉన్నారని సమాచారం వచ్చింది. రెండు రాష్ట్రాల పోలీసులు ఇంటిని చుట్టుముట్టారు. లోపలి వాళ్ల దాడిలో ఒక ఇన్‌స్పెక్టర్ తీవ్రంగా గాయపడ్డారు. అయినా గంటల తరబడి ఓపిక పట్టారు. లోపలున్న మహిళనూ పిల్లలనూ బయటికి రప్పించారు. ఇద్దరినీ ప్రాణాలతో పట్టుకుని కోర్టుకు అప్పగించారు. ఆ విద్యార్థి ప్రశ్నకు ఇదే జవాబు. వాళ్లను పట్టించింది సమాచారం, శిక్షణ, ఓపిక. బెయిలు రాకుండా చేసే సెక్షన్ ఎవరినీ పట్టుకోదు. పట్టుబడిన మనిషిని, నేరం చేసినా చేయకపోయినా, ఏళ్ల తరబడి లోపల ఉంచుతుంది.

మూడోది శేషాచలం. పుత్తూరు తర్వాత ఏడాదిన్నరకు, 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున, చంద్రగిరి మండలంలో శ్రీవారి మెట్టు దగ్గరి అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్లు. జవ్వాది కొండల ఆదివాసులూ, కూలికి వచ్చిన పేదలూ వాళ్లలో ఉన్నారు. రాళ్లతో, గొడ్డళ్లతో మీదికి వస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు అన్నారు. ముందురోజే బస్సులో నుంచి దించి పట్టుకుపోయారని, తప్పించుకున్న వాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. ఒక్కో కుటుంబానికి 5 లక్షలు ఇవ్వమనీ, సీబీఐతో విచారణ చేయించమనీ కమిషన్ సిఫారసు చేసింది.

దీని ముందు కథ కూడా దాచకుండా చెప్పాలి. 2013 డిసెంబరులో అదే అడవిలో ఇద్దరు అటవీ అధికారులను చంపారు. అది ఘోరం. ఆ కేసులో వందల మంది తమిళ కూలీలను నిందితులుగా చేర్చారు. 2016లో తిరుపతి కోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలింది. అప్పటికే ఏళ్లు జైల్లో గడిచిపోయాయి.

ఎర్రచందనం నరకడం అటవీ చట్టం కింద నేరం, ఉగ్రవాదం కాదు. అయినా కూంబింగ్, టాస్క్‌ఫోర్స్, ఎన్‌కౌంటర్ లాంటి నక్సలైట్ల కాలం నాటి మాటలన్నీ చెట్టు కొట్టే కూలీ మీదికి వచ్చాయి. విచారణ లేకుండా ఏడాది దాకా బంధించే 1986 నాటి పీడీ చట్టం కూడా ఎర్రచందనం కేసుల్లోకి వచ్చింది. పుత్తూరులో పట్టిన ఓపిక శేషాచలంలో ఎందుకు పట్టలేదు? అడవిలో చచ్చిపోయిన కూలీ కోసం అడిగే వాడు ఉండడనే ధీమా తప్ప నాకు ఇంకో కారణం కనిపించడం లేదు.

"చట్టం అందరికీ ఒకటే కదా" అనే మిత్రులకు రెండు చట్టాలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ముందస్తు బెయిలును నిరోధిస్తుంది. దాన్ని దుర్వినియోగం చేస్తున్నారంటూ 2018 మార్చి 20న సుప్రీంకోర్టు సడలించింది. ఏప్రిల్ 2న మనం భారత్ బంద్ చేశాం. ఆ రోజు ప్రాణాలు కూడా పోయాయి. ఆ తర్వాతే పార్లమెంటు చట్టాన్ని మళ్లీ నిలబెట్టింది. సరిగ్గా ఏడాదికి, 2019 ఏప్రిల్ 2న, ఉపా కేసుల్లో బెయిలు దశలో సాక్ష్యాన్ని లోతుగా తూచకూడదని సుప్రీంకోర్టు వటాలీ తీర్పులో చెప్పింది. మనల్ని కొట్టిన వాడి స్వేచ్ఛ గురించి పడిన బెంగ, ఉపా కింద లోపలున్న వాడి స్వేచ్ఛ గురించి పడలేదు.

అంబేడ్కర్ 22వ అధికరణాన్ని తెచ్చింది ఈ భయంతోనే. అరెస్టుకు కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఎన్‌కౌంటర్ జరిగితే ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ ఉండాలని 2014లో సుప్రీంకోర్టు 16 నియమాలు పెట్టింది. వీటిని పరీక్షల కోసం కాదు, వాడలో రాత్రిపూట జీపు ఆగిన రోజు కోసం నేర్చుకోండి. పక్కింటి వాణ్ణి తీసుకుపోతున్నప్పుడు "ఏ కేసు? ఏ స్టేషన్?" అని నలుగురు కలిసి అడిగితే, ఆ మనిషి కనపడకుండా పోవడం కష్టమవుతుంది.

వచ్చే భాగంలో ఇంకా వెనక్కి, 1911 నేరస్థ తెగల చట్టం దగ్గరికి పోదాం. పుట్టుకతోనే మనిషిని దొంగను చేసిన ఆ చట్టం మన ఎరుకల వాళ్లను సెటిల్‌మెంట్లలోకి ఎట్లా తోలిందో మాట్లాడుకుందాం.