ఇచ్చిన మాట, వచ్చిన ఓటు: 1942 నాటి కెనడా వివాదము

"నలుగురితో నారాయణా" యనుట మన పెద్దల నాటినుండి వచ్చుచున్న మాట. పదిమంది యొక దారిని నడచుచుండగా ఒక్కడు వేరు దారి పట్టరాదని దాని భావము. ఆ పదిమందియు నొక్క యింటివారైనప్పుడు ఈ మాట చక్కగా చెల్లును. కాని వారిలో ఏడుగురు ఒక భాషవారును, ముగ్గురు వేరొక భాషవారునై, ఆ ముగ్గురికి పూర్వమొక వాగ్దానము చేయబడియుండగా, ఆ వాగ్దానమునుండి విడుదల కావలెనా వద్దా యని పదిమందిని కలిపి యడిగినచో, వచ్చిన సమాధానమునకు విలువ యెంత? తరతరములుగా పరభాషా ప్రాంతములలో స్థిరపడి, ఉన్నచోటనెల్ల తక్కువ సంఖ్యలో నుండు మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. దీనికి చరిత్రలో స్పష్టమైన ఉదాహరణ 1942వ సంవత్సరమున కెనడాలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణము. దాని ఫలితమును నాటి ప్రధానమంత్రి మెకెంజీ కింగ్ నడిపిన తీరు పై ఆ దేశమున నాడు పెద్ద వివాదము చెలరేగినది. చరిత్రకారులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఆ వృత్తాంతమును పాఠకుల ముందుంచదలచితిమి.

కెనడాలో ప్రధానమైన భాషలు రెండు: ఇంగ్లీషు, ఫ్రెంచి. ఫ్రెంచివారు 1608లో క్యూబెక్ నగరమును స్థాపించిరి. 1763 నాటి పారిస్ సంధితో ఆ ప్రాంతము బ్రిటిషువారి పాలనలోనికి వచ్చెను. నాటినుండి ఫ్రెంచివారు తమ భాషను, మతమును, ఆచారములను కాపాడుకొనుచు వచ్చిరి. క్యూబెక్ రాష్ట్రమున వారే అధిక సంఖ్యాకులు. దేశమంతటిని కలిపి చూచినచో మూడవ వంతుకన్న తక్కువవారు. అనగా తమ యింట పెద్దలు, ఊరిలో కొద్దిమంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1917లో, బోర్డెన్ ప్రభుత్వము నిర్బంధ సైనిక సేవను శాసనముగా చేసెను. సముద్రములు దాటి బ్రిటిషు సామ్రాజ్యము కొరకు ప్రాణములర్పింపవలసిన బాధ్యత తమకు లేదని ఫ్రెంచి కెనడావారు వాదించిరి. 1918లో ఈస్టరు పండుగ దినములలో క్యూబెక్ నగరమున అల్లర్లు చెలరేగెను. సైనికులు కాల్పులు జరుపగా నలుగురు పౌరులు మరణించిరి. ఆ చీలికలో లిబరల్ నాయకుడు లోరియే నిర్బంధ సేవను వ్యతిరేకించగా, ఆయన అనుచరులైన ఇంగ్లీషువారిలో పలువురు ఆయనను విడిచిరి. విడువని కొద్దిమందిలో కింగ్ ఒకడు. పక్షము చీలినచో దేశము చీలునన్న భయము ఆయన మనస్సున నాడే నాటుకొనెను.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధమున కెనడా ప్రవేశించినప్పుడు కింగ్ ప్రధానిగా నుండెను. విదేశములలో పోరాడుటకు ఎవరిని నిర్బంధింపబోమని ఆయనయు, క్యూబెక్ వారి విశ్వాసపాత్రుడైన మంత్రి లాపాయింటును మాట యిచ్చిరి. ఆ మాటపైనే క్యూబెక్ ప్రజలు యుద్ధప్రవేశమునకు సమ్మతించిరి. 1940 నాటి శాసనము స్వదేశ రక్షణకు మాత్రమే నిర్బంధ సేవను అనుమతించెను.

రెండేండ్లలో పరిస్థితి మారిపోయెను. 1941 నవంబరులో లాపాయింటు మరణించెను. డిసెంబరులో హాంకాంగు జపానువారి వశము కాగా, అచ్చట నున్న రెండువేలకు చేరువైన కెనడా సైనికులలో కొందరు చనిపోయిరి, తక్కినవారు బందీలైరి. నిర్బంధ సేవ కావలెనని ఇంగ్లీషు ప్రాంతములు గట్టిగా కోరసాగెను. కింగునకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మాట తప్పినచో క్యూబెక్ దూరమగును. నిలుపుకొన్నచో తక్కిన దేశము దూరమగును. అప్పుడాయన మూడవ దారి వెదకెను. సైనికులను సేకరించు పద్ధతులపై పూర్వము చేసిన వాగ్దానముల బాధ్యతనుండి ప్రభుత్వమును విడుదల చేయుట మీకు సమ్మతమేనా యని ప్రజలనే అడుగుదునని 1942 జనవరిలో ప్రకటించెను. ప్రశ్నలో "నిర్బంధము" అన్న పదమే లేకుండుట గమనింపదగినది.

ఈ ప్రశ్నయే క్యూబెక్ వారిని మండించినది. బాకీ యొకరికి ఉండగా, దానిని రద్దు చేయుదమా యని ఊరివారినందరిని అడుగుట ఏ న్యాయమని వారి వాదము. వాగ్దానము మాకు చేయబడినది, దానినుండి విడుదల చేయవలసినది మేము, తక్కినవారెవరు? యువ పత్రికా రచయిత ఆంద్రే లోరాందో కార్యదర్శిగా "కెనడా రక్షణ సమితి" యొకటి ఏర్పడి ఊరూర ప్రచారము చేసెను. ప్రభుత్వ రేడియోలో ఆ సమితికి అవకాశము లభింపలేదు. అయినను దాని సభలకు జనము విరగబడి వచ్చిరి.

1942 ఏప్రిల్ 27వ తేదీన ఓట్లు పడెను. దేశము మొత్తముమీద "సమ్మతమే" యన్నవారు సుమారు 29 లక్షల 45 వేలమంది. "కాదు" అన్నవారు సుమారు 16 లక్షల 43 వేలమంది. అనగా నూటికి 64 మంది విడుదలకు అనుకూలురు. కాని క్యూబెక్ లో నూటికి దాదాపు 72 మంది ప్రతికూలురు. ఒకే దినమున, ఒకే ప్రశ్నకు, ఒక దేశము రెండు సమాధానములిచ్చెను.

ఇక ఈ ఫలితమును ఏమి చేయవలెను? వివాదమంతయు ఇచ్చట మొదలయ్యెను. ప్రజలు స్పష్టముగా ఆజ్ఞ యిచ్చిరి గనుక నిర్బంధ సేవను వెంటనే అమలు జరుపవలెనని ఇంగ్లీషు పత్రికలును, రక్షణ మంత్రి రాల్‌స్టనును పట్టుబట్టిరి. ఏ చర్య తీసికొన్నను వాగ్దానభంగమే యని క్యూబెక్ వారనిరి. కింగ్ 80వ బిల్లును ప్రవేశపెట్టి, విదేశ నిర్బంధ సేవకు 1940 శాసనములోనున్న అడ్డును మాత్రము తొలగించెను. ఆ అధికారమును వెంటనే ఉపయోగింప నిరాకరించెను. నిర్బంధము తప్పనిసరి కాదనియు, అవసరమే యైనచో నిర్బంధము తప్పదనియు చెప్పెను. ఈ మాటను విని నవ్వినవారును కలరు, కోపగించినవారును కలరు. క్యూబెక్ నుండి వచ్చిన మంత్రి కార్డిన్ మే నెలలో రాజీనామా చేసెను. ఆలస్యమునకు నిరసనగా జూలైలో రాల్‌స్టన్ రాజీనామా లేఖ వ్రాసెను. కింగ్ దానిని అంగీకరింపక, తిరిగి యియ్యక, తనయొద్దనే ఉంచుకొనెను.

రెండేండ్లు ఈ విధముగా గడచెను. 1944లో ఐరోపా రణరంగమున కెనడా కాల్బలమునకు తీవ్రమైన కొరత యేర్పడెను. రాల్‌స్టన్ స్వయముగా వెళ్లి చూచివచ్చి, నిర్బంధ సైనికులను పంపక తప్పదనెను. నవంబరు 1వ తేదీన కింగ్ మంత్రివర్గ సమావేశమున ఆ పాత రాజీనామా లేఖను ఆమోదించుచున్నానని చెప్పి, ఆయనను సాగనంపెను. ఆ స్థానమునకు వచ్చిన జనరల్ మెక్‌నాటన్ స్వచ్ఛంద సైనికులను సమకూర్చ ప్రయత్నించి విఫలుడయ్యెను. మూడు వారములలో కింగ్ తన నిర్ణయము మార్చుకొని, 16,000 మంది నిర్బంధ సైనికులను విదేశమునకు పంపుటకు అంగీకరించెను. క్యూబెక్ కు చేసిన వాగ్దానమును తలంచి మంత్రి పవర్ రాజీనామా చేసెను. ఫ్రెంచి నాయకుడు సెంట్ లారెంటు మాత్రము కింగు పక్షముననే నిలిచెను. తుదకు సముద్రము దాటినవారు దాదాపు 13,000 మంది. యుద్ధరంగమున దళములలో చేరినవారు 2,463 మంది. ప్రాణములు కోల్పోయినవారు 69 మంది.

కింగును నిందించువారు రెండు వైపుల కలరు. ప్రజల తీర్పును రెండేండ్లు మూల పడవేసి, పోరాడుచున్న సైనికులకు సాయము పంపలేదని ఒక వైపు. తీపి మాటలతో కాలము గడపి, తుదకు మాట తప్పెనని మరియొక వైపు. రెండు నిందలలోను సత్యము లేకపోలేదు. అయితే 1945 జూన్ ఎన్నికలలో ఆయన సొంత నియోజకవర్గమున ఓడినను, ఆయన పక్షము అధికారము నిలుపుకొనెను. క్యూబెక్ స్థానములలో అత్యధిక భాగము ఆ పక్షమునకే దక్కెను. 1918 నాటి నెత్తురు క్యూబెక్ వీధులలో మరల చిందలేదు.

మా అభిప్రాయమున, కింగు తప్పు ఓటును అడుగుటలో నున్నది. నేర్పు ఫలితమును నడుపుటలో నున్నది. కొందరికి ఇచ్చిన మాటను అందరి ఓటుతో రద్దు చేయబూనుట అన్యాయము. కాని ఫలితము వచ్చిన పిమ్మట, నూటికి 64 మంది తన వెనుక నున్నారన్న ధీమాతో ఆయన తక్కినవారిపై విరుచుకొనిపడలేదు. "కాదు" అన్నవారి సంఖ్యనే గాక, వారు ఎవరో, ఎచ్చటివారో, ఎందుకు కాదనిరో కూడ లెక్కలోనికి తీసికొనెను. పొందిన అధికారమును వీలైనంత ఆలస్యముగా, వీలైనంత తక్కువగా వాడెను. అది వంచన యనువారికి మేము అడ్డుచెప్పము. అయినను ఆ జాగు లేనిచో దేశము మిగిలెడిదా యని ప్రశ్నింపక మానము.

గాయము మాత్రము పూర్తిగ మానలేదు. లోరాందో 1962లో ఆ సంక్షోభమును గూర్చి గ్రంథము ప్రకటించెను. 1963లో ద్విభాషా సమస్యపై ఏర్పడిన రాజకీయ సంఘమునకు ఆయనయే ఒక అధ్యక్షుడు. ఆ సంఘము కృషి ఫలితముగా 1969లో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండును సమానమైన అధికార భాషలుగా శాసనమయ్యెను. ఒకనాడు "కాదు" అని ఊరూర తిరిగిన వానినే పిలిచి, మనము కలసి బ్రతుకుట యెట్లని అడుగుట ఆ దేశము నేర్చుకొన్న పాఠము.

మన దేశమున 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణతోపాటు, రాజ్యాంగమునకు 350-ఎ, 350-బి అధికరణములు చేర్చబడెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా విద్యావకాశము కల్పింపవలెనని మొదటిది. వారి రక్షణలను విచారించుటకు ప్రత్యేకాధికారి యుండవలెనని రెండవది. ఇవి యిచ్చిన మాటలు. ఎచ్చటనైనను సంఖ్యాబలము చూపి వీనిని సడలింపజూచినప్పుడు, మాట యెవరికి ఇయ్యబడినదో వారిని ముందుగా అడుగుడని మనము మర్యాదగా, గట్టిగా చెప్పవలెను. అదే నోటితో మరియొక మాట కూడ చెప్పుకొనవలెను. తెలుగువారు అధిక సంఖ్యలో నున్నచోట కన్నడిగులు, తమిళులు, ఒడియావారు, ఉర్దూవారు తక్కువ సంఖ్యలో నున్నారు. మనకు కావలెనన్న కొలతతోనే అచ్చట మనవారు వారికి కొలిచి పోయవలెను. అప్పుడే మన మాటకు బలము.