బళ్లారి వీథిబడులు: నాటి చదువు, నాటి పరీక్ష

తెలుగును కన్నడమును ఒకే వీథిలో వినవచ్చు బళ్లారి మండలమున రెండువందల యేండ్ల క్రిందట పిల్లలు ఏమి చదువుచుండిరో, గురువులు వారి చదువును ఎట్లు పరీక్షించుచుండిరో తెలుపు నివేదిక యొకటి మనకు దక్కినది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూను 25వ తేదీన రాజధానియందలి పాఠశాలల వివరములు పంపవలసినదిగా కలెక్టరుల నాజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన వ్రాసిన ప్రత్యుత్తరమే ఆ నివేదిక. ఆయన తెలుగు బాగుగ నెఱిగినవాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించినవాడు. కావున అంకెల పట్టికతో తృప్తిపడక, బడిలో జరుగు పనిని గూడ వర్ణించెను.

నాటి బళ్లారి మండలము నేటి జిల్లాకంటె మిక్కిలి పెద్దది. అనంతపురము 1882లోను, ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు 1953లోను దానినుండి వేరుపడినవి. అట్టి విశాలమండలమున క్యాంబెల్ లెక్కించిన విద్యాస్థానములు 533. వానిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మరాఠీ 23, పారసీకము 21, అరవము 4, ఇంగ్లీషు 1. బ్రాహ్మణులు మాత్రమే శాస్త్రములు చదువునవి 23. ఇంచుమించు సరిసమానమైన సంఖ్యలో కన్నడ, తెలుగు బడులు ప్రక్కప్రక్కనే సాగినవన్నమాట. అయినను విద్యార్థులు మొత్తము 6,641 మందియే. జనాభాలో వేయింటికి ఇంచుమించు ఏడుగురు మాత్రమే. వారిలో బాలికలు 60 మంది. పూర్వకాలపు చదువును పొగడునపుడు ఈ రెండంకెలను మనము మఱవరాదు.

బాలునకు అయిదవయేట అక్షరాభ్యాసము జరుగును. వినాయకపూజ యైన పిదప గురువు పిల్లవాని వ్రేలు పట్టి బియ్యములో అక్షరములు వ్రాయించును. తరువాత బడిలో నేలపై పఱచిన యిసుకలో వ్రేలితో వ్రాయుట, ఆపై తాటాకుమీద గంటముతో వ్రాయుట. బియ్యపు మెతుకులును బొగ్గుపొడియు పూసిన చెక్కపలక యొకటి, గంజిపెట్టి మడతలు వేసి నల్లపూత పూసిన గుడ్డపుస్తక మొకటి వాడుకలో నుండెను. చెక్కపలకను కన్నడిగులు హలిగె యందురు. గుడ్డపుస్తకమునకు మన తెలుగుమాట కడితము. రెంటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. కాగితమునకు కాసు ఖర్చు లేదు.

అక్షరములు, గుణింతములు వచ్చిన బాలుడు ఎక్కములు వల్లించి, కూడికలు, తీసివేతలు, గుణకారములు చేసి, ద్రవ్యమానమును, కొలతలను, భిన్నములను నేర్చును. అటుపిమ్మట పైతరగతి చదువు. ఉత్తరము, అర్జీ, దానపత్రము మొదలగువానిని వ్రాయు పద్ధతి, కథలు చదువుట, రామాయణ భారత భాగవతములు, పంచతంత్రము, నిఘంటువులు, పద్యములు కంఠస్థము చేయుట అందలి భాగములు. నేటి ప్రాథమికోన్నత తరగతుల ప్రాయపు బాలుడు ఆనాడు జాబు వ్రాయగలవాడు, అంగడిలెక్క చూడగలవాడు.

పరీక్ష యెట్టిది? సంవత్సరాంతపు పరీక్షగాని, ప్రశ్నపత్రముగాని ఈ వర్ణనలో కానరాదు. ఉదయమున బడికి మొదట వచ్చినవాని అరచేతిలో గౌరవసూచకముగా సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, వాడు పొగడ్తకును తెగడ్తకును పాత్రుడు కాడని దాని యర్థము. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు. ఆపై వచ్చినవారికి వరుసగా హెచ్చును. సోమరులకు గుంజిళ్లు, కోదండము తప్పవు. చదువును కొలుచు పని మాత్రము వేరొకరీతిని జరిగెను. పై తరగతి పిల్లలు క్రింది తరగతివారికి చెప్పవలెను. గురువు పైవారిని కనిపెట్టి యుండును. తాను నేర్చినది పరునకు నేర్పలేనివాడు నేర్వలేదన్నమాటయే. ఈ విధానమును, వ్రాత నేర్పుటలోని పొదుపును క్యాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియే యున్నదనెను. ఎగ్మూరులోని అనాథశరణాలయమున ఆండ్రూ బెల్ ఇట్టి పద్ధతినే నడిపి, 1797లో దానిని గూర్చి గ్రంథము ప్రకటింపగా, అది మద్రాసు పద్ధతి యను పేర అక్కడ వ్యాపించెను.

మెచ్చుకొన్న ఆయనయే గొప్ప లోపమును గూడ చూపెను. పిల్లలు లెక్కకు మిక్కిలి పద్యములు తప్పులేక వల్లింతురు; వాని యర్థము చిలుకకు తెలిసినంతయే తెలియును. పద్యభాష యింటిభాషకు దూరమైనందునను, గురువు అర్థము చెప్పనందునను ఇట్లయ్యెనని ఆయన నిదానము. మఱియు బడులు క్షీణించుటకు ప్రజల పేదఱికము కారణమనియు, విదేశపు వస్త్రములు వచ్చి చేతిపనివారి రాబడి తగ్గినదనియు, ఆ 533లో ఒక్కదానికిని ప్రభుత్వసహాయము లేకుండుట తనకు సిగ్గుచేటనియు వ్రాసెను. 1826 మార్చి 10 నాటి మినిట్సులో మన్రో రాజధాని యంతటికిని 12,498 బడులను, 1,88,650 మంది విద్యార్థులను లెక్కించెను.

అటుపిమ్మట వచ్చిన మార్పు ఏమి? 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షింపగా ఉత్తీర్ణులైన పిల్లల సంఖ్యను బట్టి బడికి గ్రాంటు ఇచ్చు పద్ధతి ప్రబలెను. గురువు జీతము పిల్లవాని జవాబుపై ఆధారపడినందున వల్లెవేయుట హెచ్చెనేకాని తగ్గలేదు. 20వ శతాబ్దిలో హయ్యరు ఎలిమెంటరీ పాఠశాలలు వెలసి, 8వ తరగతి చివర ఇ.ఎస్.ఎల్.సి. పరీక్ష జరిగెను. పేదకుటుంబముల బాలురకు ఉపాధ్యాయశిక్షణకు అదియే ద్వారము. ఆ మేలు తక్కువది కాదు. కాని సరస్వతి పేరు అరచేతినుండి సర్టిఫికెట్టునకు మారినదే తప్ప, అర్థమైనదా యను ప్రశ్న వెనుకబడియే యుండెను.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆ ప్రశ్నను ముందుకు తెచ్చెను. బాలుని అవగాహనను, తెలిసినదానిని ఉపయోగించు శక్తిని నిరంతరముగా మదింపు చేయవలెననియు, సాధ్యమైనంతవఱకు బోధన మాతృభాషలో నుండవలెననియు అది నిర్దేశించెను. 2019 సవరణచే 5, 8 తరగతుల చివర పరీక్ష మరల ప్రవేశించెను. తప్పినవానికి రెండు నెలలలో మఱియొక అవకాశము, పిదప అదే తరగతిలో నుంచు అధికారము ప్రభుత్వములకు లభించినవి.

మన కుటుంబములకు అసలు చిక్కు ఇక్కడనే కలదు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనావసతి కల్పింపవలెనని చెప్పును. కాని అది ప్రాథమికదశను మాత్రమే పేర్కొనును. ఆఱవ తరగతినుండి తెలుగు బాలునకు ఆ అండ లేదు. కర్ణాటకమున 2015 నాటి చట్టము కన్నడమును నేర్పవలెనని విధించినది. ఇరుగుపొరుగుభాష నేర్చుట మనకు న్యాయమును, లాభమును. బళ్లారిలో 226 బడులు 235 బడులకు అడ్డురాలేదు గదా! అయితే ఆ మూడేండ్లలో తెలుగు జాఱిపోయినచో దానిని పట్టిచూపు పరీక్షాపత్ర మేదియు బడిలో లేదు.

కావున ఆ పరీక్ష యింటను, సంఘమునందును జరుగవలెను. మన వార్షికోత్సవములలో పద్యపఠనమునకు బహుమతు లిచ్చుట చాలకాలపు ఆచారము. పద్యము చదివిన పిల్లవానిని దాని యర్థము తన మాటలలో చెప్పుమని గూడ అడుగుదము. ఊరనున్న అమ్మమ్మకు ఒక జాబు వ్రాయింతము. ఇంటి పద్దు తెలుగులో చదివింతము. పెద్దపిల్లలచే చిన్నవారికి అక్షరములు దిద్దింతము. ఈ నాలుగును చేయగలవానికి తెలుగు వచ్చినదని నిర్భయముగా చెప్పవచ్చును. క్యాంబెల్ మెచ్చినది నిలుపుకొని, ఆయన తప్పుపట్టినది దిద్దుకొనుటకు ఇంతకంటె తేలిక యుపాయము లేదు.